కిరాయికున్నోడికి ఓటెందుకు?

మేం ఉండే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మోటారు పక్కన ఒక గది ఉంది. వాచ్‌మన్ కుటుంబం పన్నెండేళ్ళుగా అందులోనే ఉంటోంది. పాలమూరు నుంచి వచ్చారు. మావాళ్ళే. భార్యాభర్తల ఓట్లు ఇంకా ఊళ్ళోనే ఉన్నాయి, ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా బస్సెక్కి పోయి వేసి వస్తారు. కూతురు మాత్రం ఇక్కడే పెరిగింది. ఇంటర్ పాసై డిగ్రీలో చేరింది. పోయిన ఎండాకాలం పద్దెనిమిది నిండాయి. "సార్, నా ఓటు ఇక్కడే రాయించుకుంటా" అంది.

మంచిదే కదా. ఇద్దరం కూర్చుని ఫారం-6 నింపడం మొదలుపెట్టాం. అడ్రసు దగ్గర ఆగిపోయాం. ఆ గదికి విడిగా కరెంటు మీటరు లేదు, బిల్లు అసోసియేషన్ పేరు మీద వస్తుంది. కిరాయి కాయితం ఉండదు, ఎందుకంటే గది జీతంలో భాగం. సెక్రటరీ ఒక ముక్క రాసిస్తే పనైపోతుందని ఆయన ఫ్లాటుకు పోయాం. ఆయన తలుపు సగం తెరిచి విన్నాడు. "ఇవాళ ఓటంటారు, రేపు గది మాదంటారు. ఆదివారం మీటింగ్‌లో పెడతాను" అన్నాడు.

ఆదివారం మీటింగ్‌కు నేనూ పోయాను. నేను కిరాయికుంటాను. మా బైలా ప్రకారం కిరాయికున్నవాళ్ళు వచ్చి కూర్చోవచ్చు, నోరు తెరవకూడదు. మెయింటెనెన్స్ మాత్రం ఓనరుతో సమానంగా కట్టాలి, అది వేరే సంగతి.

అక్కడ ఒక రిటైర్డ్ ఇంజనీరు గారున్నారు. పెద్దమనిషి, నాతో ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతారు. కొడుకు బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం. ఈయన రెండుసార్లు పోయి ఆర్నెల్ల చొప్పున ఉండి వచ్చారు. ఆ రోజు ఆయన లేచి అన్న మాటలు దాదాపు ఇవే: "ఇంగ్లండ్‌లో మునిసిపాలిటీ ఓటు పన్ను కట్టేవాడికే ఉండేది. ఊరికి డబ్బులిచ్చేవాడే ఊరి సంగతి తేల్చాలి. అందుకే బర్మింగ్‌హామ్ అట్లా ఉంది, మన హైదరాబాద్ ఇట్లా ఉంది. ఇక్కడ ఏమీ కట్టనివాళ్ళే క్యూలో ముందుంటారు." అందరూ తలలూపారు. ఒకాయనైతే చప్పట్లు కూడా కొట్టాడు.

బైలాకు కట్టుబడి ఊరుకున్నాను. ఇక్కడ రాయడానికి బైలా అడ్డం లేదు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఇంగ్లండ్‌లో అట్లాంటి రూలు నిజంగానే ఉండేది. ఆయన చెప్పనిది ఏమిటంటే, ఆ రూలు బయట ఎవర్ని నిలబెట్టింది, ఎప్పుడు పోయింది, పోయాక ఆ ఊళ్ళో ఏం జరిగింది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి బర్మింగ్‌హామ్ గొడవ ఎందుకని అడక్కండి. మా సెల్లార్‌లో పిల్ల ఓటు ఆపడానికి బర్మింగ్‌హామ్‌ను సాక్షిగా పిలిచింది వాళ్ళు. పిలిచిన సాక్షిని అడ్డప్రశ్నలు అడిగే హక్కు నాకుంది.

మనందరికీ ఒక పొరపాటు అలవాటుంది. ఇంగ్లండ్‌లో 1918లో మగవాళ్ళందరికీ, 1928లో ఆడవాళ్ళందరికీ ఓటొచ్చిందని చదువుకున్నాం. అది పార్లమెంటు ఓటు. ఊరి కౌన్సిల్ ఓటు వేరు, దాని జాబితా వేరు. ఊరి జాబితాలోకి రావాలంటే ఆ ఊళ్ళో ఒక ఇల్లో, దుకాణమో, జాగానో నీ స్వాధీనంలో ఉండాలి. సొంతదైనా సరే, కిరాయిదైనా సరే. అట్లా ఉన్నవాడికీ, వాడి భార్యకీ ఓటు. మిగతావాళ్ళకు లేదు.

మిగతావాళ్ళంటే ఎవరు? స్మాల్ హీత్ లాంటి పేటలో ఒక ఇల్లు ఊహించుకోండి. బర్మింగ్‌హామ్‌లో అప్పటి పేదల ఇళ్ళు ఎక్కువగా వీపుకు వీపు ఆనించి కట్టినవి. వెనక గోడ అవతల ఇంకో సంసారం. కింద ఒక గది, దాని మీద ఒక గది, దాని మీద ఇంకొకటి. నీళ్ళూ మరుగుదొడ్లూ వాకిట్లో, నాలుగైదు ఇళ్ళకు కలిపి. ఆ ఇంట్లో తండ్రి తుపాకుల కార్ఖానాలో పనిచేస్తాడు. ఆయనకూ భార్యకూ కౌన్సిల్ ఓటుంది. ఇరవై నాలుగేళ్ళ కొడుకు పెళ్ళికాక తల్లిదండ్రుల దగ్గరే ఉన్నాడు. వాడికి లేదు. ఇరవై రెండేళ్ళ కూతురు యుద్ధవిమానాల ఫ్యాక్టరీలో షిఫ్టు చేస్తోంది, ఆమెకు లేదు. ముసలి తాత కొడుకు పంచన ఉన్నాడు, ఆయనకూ లేదు. పై గదిలో ఒక కూలీ వారానికింత అని ఇచ్చి పడుకుంటాడు, వాడి సంగతి సరేసరి. పెద్దిళ్ళలో దొరసానుల దగ్గరే ఉండి వంటా అంట్లూ చూసే పనిపిల్లలున్నారు కదా, వాళ్ళకీ లేదు.

కిరాయి గదిలో ఉండేవాడి విషయంలో ఆ చట్టం చేసిన ఏర్పాటు చూస్తే మన మనువు కూడా ముక్కున వేలేసుకుంటాడు. ఖాళీ గది కిరాయికి తీసుకుని అందులో నీ సామాను వేసుకుంటే నీకు ఊరి ఓటుంది. సామానుతో సహా కిరాయికి తీసుకుంటే లేదు. అంటే పడుకునే మంచం నీదైతే ఓటు, మంచం ఇంటివాడిదైతే ఓటు లేదు. నేను వెటకారమాడడం లేదు, 1918 చట్టంలో ఉన్న తేడా అది.

"వాళ్ళు పన్ను కట్టలేదు కదా" అంటారా? కట్టారు. అక్కడ ఊరి పన్నును రేట్లు అనేవాళ్ళు. ఇంటికి ఏడాదికి ఎంత కిరాయి వస్తుందో లెక్కగట్టి దాని మీద వేసేవాళ్ళు. చిన్న ఇళ్ళ విషయంలో ఆ పన్ను ఇంటి యజమాని చేత్తో కట్టి, వారం వారం వసూలు చేసే కిరాయిలో కలిపేసుకునేవాడు. మేడమీద మంచం కిరాయికి తీసుకున్న కూలీ ఇచ్చే డబ్బులో ఇంటివాడి కిరాయీ ఉంది, ఆ కిరాయిలో ఊరి పన్నూ ఉంది. కూతురు జీతంలోంచి తల్లి చేతిలో పెట్టిన డబ్బులోనూ ఉంది. రసీదు మాత్రం ఇంకొకడి పేరు మీద ఉంది. ఓటు పన్నుకు ఇవ్వలేదు, రసీదుకు ఇచ్చారు.

ఈ కిటుకు హైదరాబాద్‌లో ఇంకా నడుస్తోంది. నేనిచ్చే కిరాయిలోంచే మా ఓనరు ఇంటిపన్ను కడతాడు. వాచ్‌మన్ భార్య కొనే సబ్బు మీదా, పిల్ల రీచార్జి మీదా పన్నుంది. వాళ్ళ ఒంటి మీద పన్ను పడని బట్ట లేదు. అయినా మీటింగుల్లో "ట్యాక్స్ పేయర్" అనే మాట వినిపిస్తే అది ఎవరి గురించో అందరికీ తెలుసు. ఆ మాటకు కులం ఉంది. నోటితో చెప్పనక్కరలేని కులం.

ఇప్పుడు అసలు ఎలక్షన్ సంగతికి వస్తాను.

యుద్ధం మొదలవగానే ఇంగ్లండ్‌లో ఊరి ఎన్నికలు ఆపేశారు. చివరిసారి జరిగింది 1938 నవంబరులో. మధ్యలో ఎవరైనా చనిపోయినా, రాజీనామా చేసినా కౌన్సిలే ఇంకొకరిని తెచ్చి కూర్చోబెట్టుకునేది, జనాన్ని అడిగే పని లేదు. మూడేళ్ళకని 1936లో గెలిచినవాళ్ళు తొమ్మిదేళ్ళు కుర్చీల్లో ఉన్నారు. ఈ తొమ్మిదేళ్ళలో ఊరి మీద బాంబులు పడ్డాయి. ఇంగ్లండ్‌లో జర్మన్ బాంబుల దెబ్బ బాగా తిన్న నగరాల్లో బర్మింగ్‌హామ్ ఒకటి. కార్ఖానాలున్న చోటే బాంబులు పడతాయి, కార్ఖానాల పక్కనే కూలీల ఇళ్ళుంటాయి. స్మాల్ హీత్‌లోని తుపాకుల ఫ్యాక్టరీ మీద 1940 నవంబరులో బాంబు పడి లోపల పనిచేస్తున్నవాళ్ళు పదుల మంది చచ్చిపోయారు. వాళ్ళలో ఎందరికి ఊరి ఓటుందో ఎవరూ లెక్క తీసి ఉండరు.

1945 మొదట్లో, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, కొత్త చట్టం వచ్చింది. పార్లమెంటు ఓటున్న ప్రతి ఒక్కరికీ ఊరి ఓటు కూడా ఉంటుందని దాని సారం. దీన్ని తెచ్చింది లేబర్ పార్టీ ఒక్కటే కాదు. అన్ని పార్టీలూ కలిసిన యుద్ధకాలపు ప్రభుత్వం తెచ్చింది. ప్రాణాలడిగాక ఓటు లేదనడం ఏ పార్టీకైనా కష్టమే.

1945 నవంబరు 1, గురువారం. ఆ రోజు బర్మింగ్‌హామ్‌లోనూ, షెఫీల్డ్, మాంచెస్టర్, లీడ్స్ లాంటి ఊళ్ళలోనూ కౌన్సిల్ ఎన్నికలు. నేను పైన చెప్పిన ఇంట్లో కొడుకూ కూతురూ తాతా పైగదిలో కూలీ, నలుగురూ మొదటిసారి ఊరి ఎన్నికలో ఓటేయగలిగిన రోజది. మరోసారి చదవండి: 1945. పార్లమెంటుల తల్లి అని మనం పాఠాల్లో చదువుకునే దేశంలో, చెత్త ఎవరు ఎత్తాలి, నల్లా ఎక్కడ పెట్టాలి అనే విషయంలో పెద్దలందరికీ ఓటు దొరికింది మన రాజ్యాంగం రావడానికి ఐదేళ్ళ ముందు మాత్రమే.

బర్మింగ్‌హామ్ మామూలు ఊరు కాదు. ఛాంబర్లేన్ల కోట. తండ్రి జోసెఫ్ ఛాంబర్లేన్ 1870లలో మేయరుగా ఉండి గ్యాసు, నీళ్ళు ఊరి సొంతం చేశాడు. కొడుకు నెవిల్ 1915లో లార్డ్ మేయరై, ఊరికి సొంత బ్యాంకు పెట్టించి, తర్వాత ప్రధాని అయ్యాడు. ఇంజనీరు గారు మెచ్చుకున్న బర్మింగ్‌హామ్ వీళ్ళదే. గ్యాసూ నీళ్ళూ నిజంగా పెద్ద పనులే, కాదనను. కానీ జోసెఫ్ గారు మురికిపేటలు కూలగొట్టి ఊరి నడిబొడ్డున కార్పొరేషన్ వీధి వేశారు. అక్కడ లేచింది దుకాణాలు. ఇళ్ళు పోయినవాళ్ళకు బదులు ఇళ్ళు దాదాపు కట్టనేలేదు. రసీదు ఉన్నవాడి ఓటుతో నడిచే ఊరు అందంగానే ఉంటుంది. హైటెక్ సిటీ అందంగా లేదా?

1935 పార్లమెంటు ఎన్నికల్లో ఆ ఊళ్ళోని 12 సీట్లూ ఛాంబర్లేన్ పక్షానివే. 1945 జులైలో సీట్లు 13 అయ్యాయి, అందులో 10 లేబర్ గెలిచింది. జనం మనసు అంతగా తిరిగింది. మరి నవంబరులో కౌన్సిల్ కూడా అట్లాగే తిరగాలి కదా? తిరగలేదు. లేబర్ బలం పెరిగింది గానీ పగ్గాలు చేతికి రావడానికి 1946 నవంబరు దాకా ఆగాల్సొచ్చింది.

ఎందుకో చూడండి, ఇది మనకు పనికొచ్చే పాఠం. మొదటిది, కౌన్సిల్ మొత్తానికి ఒకేసారి ఎన్నిక ఉండదు. ప్రతి వార్డుకూ ముగ్గురు సభ్యులు, ఏడాదికొకరు దిగిపోతారు. ఊరంతా ఒక్క రోజున మనసు మార్చుకున్నా మూడింట ఒక వంతు కుర్చీలే కదులుతాయి. రెండోది ఆల్డర్మన్లు. ప్రతి ముగ్గురు కౌన్సిలర్లకూ ఒక ఆల్డర్మన్ ఉంటాడు. అంటే సభలో నాలుగో వంతు వీళ్ళే. వీళ్ళను ఎన్నుకునేది జనం కాదు, కౌన్సిలే. పదవీకాలం మూడేళ్ళు కాదు, ఆరేళ్ళు. కౌన్సిలర్‌గా ఓడిపోతాననుకున్నవాడు ముందే ఆల్డర్మన్ అయిపోవచ్చు. గొప్ప కమిటీల అధ్యక్షులు చాలామంది ఈ పెద్దమనుషులే. గెలిచినవాడికి కుర్చీ ఇచ్చి, పెత్తనం పాతవాడి దగ్గరే ఉంచే ఏర్పాటిది. దీన్ని తీసేసింది 1974లో.

మన సర్పంచుల కథ తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. రిజర్వుడు సీట్లో మా మనిషి గెలుస్తాడు, ఫైలు మాత్రం ఉపసర్పంచ్ ఇంట్లో ఉంటుంది. తలుపు తెరవక తప్పనప్పుడు లోపల ఇంకో తలుపు కడతారు. ఇంగ్లిష్ దొరకూ మన ఊరి దొరకూ ఈ విద్యలో గురువు ఒక్కడే.

మూడో ఏర్పాటు అన్నిటికంటే చిత్రమైంది. పేదవాళ్ళకు ఓటిచ్చారు గానీ ఆస్తికున్న ఓటు తీసేయలేదు. ఇల్లు ఒక వార్డులో ఉండి, ఇంకో ఊళ్ళో దుకాణమో గోదామో ఉన్నవాడికి అక్కడ నివాసం లేకపోయినా ఊరి జాబితాలో పేరుండేది. ఏడాదికి 10 పౌండ్ల విలువ చేసే జాగా స్వాధీనంలో ఉంటే చాలు. పార్లమెంటు ఎన్నికలకు ఈ రెండో ఓటు 1948 చట్టంతో పోయింది. ఊరి ఎన్నికలకు 1969 దాకా ఉంది! ఐర్లండ్ ఉత్తరభాగంలో ఇంకా ఘోరం. 1945 చట్టం అక్కడి ఊళ్ళకు తాకలేదు. కిరాయి గదుల్లో ఉండేవాళ్ళకూ, తల్లిదండ్రులతో ఉండే పెద్దపిల్లలకూ ఊరి ఓటు లేదు. కంపెనీలకు మాత్రం అదనపు ఓట్లు. క్యాథలిక్కులకు ఇళ్ళివ్వరు, ఇల్లు లేదు కాబట్టి ఓటివ్వరు, ఓటు లేదు కాబట్టి ఇల్లివ్వరు. 1968లో అక్కడి జనం "మనిషికి ఒక ఓటు" అని వీధుల్లోకొచ్చి లాఠీలు తిన్నారు. బ్రిటిష్ జెండా కింద, 1968లో.

అదే సమయంలో మన దగ్గరేమిటి? ఆ 1945-46 చలికాలంలోనే బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల శాసనసభలకు ఎన్నికలు జరిగాయి. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లోనూ జరిగాయి. ఓటు ఆస్తినీ పన్నునూ చదువునూ బట్టి. మాలపల్లెలో ఎంతమందికి ఉంటుంది? నిజాం రాజ్యంలో మా నాయనమ్మ లాంటివాళ్ళకు అడిగే దిక్కే లేదు. జాషువా గబ్బిలంతో శివుడికి కబురంపిన కావ్యం 1941లో వచ్చింది. క్లాసులో అది చెప్పినప్పుడల్లా పిల్లలు గబ్బిలమే ఎందుకని అడుగుతారు. గుడిలోకి దానికి ప్రవేశం ఉంది, మనిషికి లేదు అని చెబుతాను. ఇంకో మాట కూడా చెబుతుంటాను: ఓటు లేనివాడు విన్నపాలే పంపుకోవాలి.

ఈ ఓటు గొడవను అందరికంటే ముందు పట్టుకున్నది ఎవరో మీకు తెలుసు. అంబేడ్కర్ 1919లో సౌత్‌బరో కమిటీ ముందు నిలబడి, అంటరానివాళ్ళకు ఓటు అర్హతను బాగా తగ్గించాలని వాదించాడు. అప్పటికాయన వయసు 27. 1928లో సైమన్ కమిషన్ ముందు వయోజనులందరికీ ఓటు కావాలన్నాడు. బర్మింగ్‌హామ్‌లో తల్లిదండ్రుల ఇంట్లో ఉండే తెల్లపిల్లకు ఊరి ఓటు రావడానికి 17 ఏళ్ళ ముందు, మహార్ కుర్రాడిగా పుట్టినాయన ఆ సామ్రాజ్యాన్నే అడిగాడు. "ప్రజాస్వామ్యం తెల్లవాళ్ళిచ్చిన భిక్ష" అనేవాళ్ళు ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

1952లో మా నాయనమ్మ నల్లగొండ జిల్లాలో ఓటేసింది. గడిలో వెట్టి చేసిన చేయి, నిశానీ చేయి. ఆ పెట్టె దగ్గర ఆమెకెన్ని ఓట్లో దొరకూ అన్నే. అదే ఏడు బర్మింగ్‌హామ్‌లో ఇల్లొక చోట, దుకాణమొక చోట ఉన్న షావుకారు పేరు రెండు ఊళ్ళ జాబితాల్లో ఉండొచ్చు. ఆ విషయంలో ఇంగ్లండ్ మా నాయనమ్మ కంటే 17 ఏళ్ళు వెనకబడి ఉంది. (ఆ ఎన్నికలో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లొచ్చాయని మీ అందరికీ కంఠతా వచ్చు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. రెండో సీటు గెలిచిన మనవాడు సుంకం అచ్చాలు. ఆ పేరు విన్నవాళ్ళు ఎందరు?)

మరి ఓటొచ్చాక బర్మింగ్‌హామ్‌లో ఏం జరిగింది? స్వర్గం దిగిరాలేదు. 1949కల్లా కన్సర్వేటివ్‌లు తిరిగి వచ్చారు, 1952లో మళ్ళీ లేబర్ వచ్చి 1966 దాకా ఉంది. పేదవాడు ఓటును ఒక పార్టీకి తాకట్టు పెట్టడన్నమాట, ఇది కూడా మన మేధావులు గమనించాలి. కానీ ఎవరొచ్చినా ఇళ్ళ సంగతి దాటవేయలేకపోయారు. 1947లో కౌన్సిల్ ఐదు పాతపేటల్లోని వేల ఇళ్ళను ఒక్కసారిగా స్వాధీనం చేసుకుంది. కూలగొట్టి కొత్తవి కట్టింది. జోసెఫ్ ఛాంబర్లేన్ కాలంలో కూలగొట్టిన చోట దుకాణాలు లేచాయి, ఈసారి ఇళ్ళు లేచాయి. మధ్యలో మారినవి చాలా ఉన్నాయి, వాటిలో ఒకటి ఓటర్ల జాబితా.

ఇక్కడితో ఆపితే నా వాదనకు బాగుంటుంది. కానీ ఆపితే అబద్ధమవుతుంది.

ఆ కొత్త ఇళ్ళ తలుపు ఎవరికి తెరిచారు? యుద్ధం తర్వాత బర్మింగ్‌హామ్ ఫౌండ్రీల్లో, బస్సుల్లో పనికి కరీబియన్ దీవుల నుంచీ, పంజాబు నుంచీ మనుషులొచ్చారు. జలంధర్, హోషియార్‌పూర్ వైపు నుంచి వచ్చినవాళ్ళలో చమార్లు, రవిదాసీలు చాలామంది ఉన్నారు. మనవాళ్ళు. బ్రిటిష్ ప్రజలుగా వాళ్ళకు వచ్చిన రోజు నుంచే ఓటుకు అర్హత ఉంది. ఇల్లు మాత్రం లేదు. ఊళ్ళో ఐదేళ్ళు ఉంటేగానీ కౌన్సిల్ ఇళ్ళ జాబితాలో పేరెక్కదని రూలు. ఎక్కినా, ఇల్లు ఎట్లా ఉంచుకుంటున్నారో చూడటానికి ఇన్‌స్పెక్షన్‌కు మనిషి వస్తాడు. ఆ మనిషి వేసే మార్కులను బట్టి మంచి ఇల్లో, రేపోమాపో కూలగొట్టే ఇల్లో వస్తుంది. స్పార్క్‌బ్రూక్ పేట మీద రెక్స్, మూర్ అనే ఇద్దరు సోషియాలజిస్టులు 1967లో రాసిన పుస్తకంలో ఇదంతా ఉంది. దాంతో వచ్చినవాళ్ళంతా ఏ పాత ఇంట్లోనో గదికి ఆరుగురు పడుకున్నారు. 1945లో జాబితాకెక్కిన కిరాయి కూలీ కౌన్సిల్ ఇంటికి మారిపోయాడు, వాడి మంచం మీదికి నల్లటివాడొచ్చాడు. ఆ రూలు నడిపిన కౌన్సిల్‌లో కార్మికుల పార్టీ కూర్చుని ఉంది.

పక్కనే వెస్ట్ బ్రామ్‌విచ్‌లో 1955లో ఒక్క భారతీయుణ్ణి బస్ కండక్టరుగా తీసుకుంటే తెల్ల కార్మికులు సమ్మె చేశారు. పని కోసం కాదు, జీతం కోసం కాదు, ఒక మనిషి పక్కన నిలబడాల్సి వస్తుందని. ఇంకో పక్క స్మెథిక్‌లో, ఒక వీధిలో ఖాళీ అయ్యే ఇళ్ళు తెల్లవాళ్ళకే దక్కేలా కౌన్సిలే కొనిపెట్టాలని చూసింది. 1965 ఫిబ్రవరిలో మాల్కం ఎక్స్ ఆ వీధి చూడటానికి వచ్చాడు. మన కమ్యూనిస్టు మిత్రులు వర్గం అనగానే నేను ఎందుకు నసుగుతానో ఇప్పటికైనా అర్థం చేసుకోండి. నిన్న రసీదు లేక బయట నిలబడ్డవాడు ఇవాళ రసీదు చేతికి రాగానే తలుపు దగ్గర కాపలా కూర్చోగలడు. మనలోనూ కూర్చున్నవాళ్ళున్నారు, పేర్లు అడక్కండి.

అయితే దీన్ని బట్టి ఓటు పనికిరానిదని నేననను. ఆ కండక్టరుకు ఉద్యోగం దగ్గర, ఇంటి దగ్గర, కల్లు దుకాణం దగ్గర అవమానం జరిగింది. ఓటర్ల జాబితా దగ్గర మాత్రం అతన్ని ఆపే చట్టం లేదు. ఆ ఒక్క చోటే నిలబడి వాళ్ళు తర్వాత మిగతా తలుపులు తట్టారు.

ఇప్పుడు ఇంజనీరు గారి దగ్గరికి మళ్ళీ వస్తాను. సార్, మీరు మెచ్చుకున్న రూలు మీకే పెడదాం. మీరుండే ఫ్లాటు మీ అబ్బాయి పేరు మీద ఉంది, పన్ను రసీదు ఆయన పేరు మీదే వస్తుంది. 1944 నాటి బర్మింగ్‌హామ్ లెక్కలో మీరు కొడుకు ఇంట్లో ఉండే తాత. మీకు ఊరి ఓటు లేదు.

ఇంకొకటి. రెండేళ్ళ కిందట మీరే మాకు ఫోన్‌లో ఫోటో చూపించారు. మీ అబ్బాయి బర్మింగ్‌హామ్‌లో కౌన్సిల్ ఎన్నికకు ఓటేసి వచ్చి దిగిన ఫోటో. ఆయన అప్పటికి బ్రిటిష్ పౌరుడు కాడు, ఉండేది కిరాయి ఇంట్లో. కామన్‌వెల్త్ దేశస్థుడు చట్టబద్ధంగా అక్కడ నివాసం ఉంటే చాలు, ఓటుంది. "చూడండి, ఎంత మర్యాదో" అని మీరు మురిసిపోయారు. నేనూ నిజంగానే సంతోషించాను. పరాయి దేశంలో కిరాయికుండే మీ కొడుక్కు ఆ మర్యాద దక్కాలి, సొంత దేశంలో మీ కాళ్ళ కిందున్న గదిలో పెరిగిన పిల్లకు దక్కకూడదు. దీన్ని ఏమంటారో ఇంగ్లిష్‌లో మీకే బాగా తెలుసు. మా భాషలో ఒక పాత మాటే ఉంది, అది రాస్తే మీరు నొచ్చుకుంటారు.

మన చట్టం ఏమంటుందో కూడా చదవండి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం, 20వ సెక్షన్. ఒక నియోజకవర్గంలో ఇల్లు ఉన్నంత మాత్రాన, అది స్వాధీనంలో ఉన్నంత మాత్రాన ఎవరూ అక్కడి నివాసి కారు. మొదటి వాక్యమే అది. ఇంగ్లండ్ రసీదు చూసి ఓటిచ్చిన చోట, మన చట్టం రసీదు చాలదు పో అంది. నువ్వు మామూలుగా ఎక్కడుంటున్నావన్నదే లెక్క. గ్రేటర్ కార్పొరేషన్ ఎన్నికల జాబితా తయారయ్యేది ఆ అసెంబ్లీ జాబితాలోంచే. సెక్రటరీ గారి కాయితం మీద ఆ పిల్ల ఓటు ఆధారపడి లేదు. నాకే ఆ సంగతి ముందు తట్టలేదు, అనవసరంగా ఆయన తలుపు తట్టాం.

అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఇదంతా పెడదామని చూశాను. అడ్మిన్లు మాత్రమే రాయగలరని సెట్టింగ్ మార్చారు. అందుకే ఇక్కడ రాశాను.

ఫారం ఆన్‌లైన్‌లో పెట్టేశాం. మొన్న బుధవారం బీఎల్వో విచారణకు వచ్చింది. అంగన్‌వాడీ టీచరు, ఎండలో నడిచి నడిచి చెమటలు కక్కుతోంది. పై అంతస్తులో ఒకామెను అడిగితే "ఆ పిల్లా? ఇక్కడే పెరిగిందమ్మా" అంది. సెక్రటరీ గారు ఇంట్లో లేరన్నారు. కిందికొచ్చి "ఎక్కడుంటారు?" అనడిగింది. పిల్ల గది తలుపు తీసి చూపించింది. లోపల కుర్చీ లేదు. మోటారు ఆన్‌లో ఉండి ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. బీఎల్వో చెప్పులు బయట విడిచి, వాళ్ళు పాలమూరు నుంచి తెచ్చుకున్న మంచం మీద కూర్చుని, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, పేరు గట్టిగా చెప్పమని అడిగి రాసుకుంది.

జాబితా వచ్చాక పేరుందో లేదో రాస్తాను.

జై భీమ్.